పేలిన పాత 486 ఎస్‌ఎంపీఎస్: కొత్తది తగిలించే ముందు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. నాన్నగారు 1996లో డీటీపీ సెంటర్ కోసం కొన్న 486 డీఎక్స్2-66 కంప్యూటర్. అసెంబుల్డ్ సిస్టం, మినీ టవర్ క్యాబినెట్. సెంటర్ మూసేశాక మేడ మీద గదిలో ఇరవై ఏళ్లకు పైగా గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. మొన్న కిందికి దించి, దుమ్ము దులిపి, ప్లగ్ పెట్టి స్విచ్ నొక్కారు. టప్‌మని శబ్దం, వెనక ఫ్యాన్ జాలీలోంచి తెల్లటి పొగ, ఇంట్లో ఎంసీబీ పడిపోయింది. ఇప్పుడు మీ చేతిలో ఇంకో డెస్క్‌టాప్‌లోంచి తీసిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చే డబ్బా) ఉంది. దానికి 24 పిన్నుల కనెక్టర్ ఒకటి. పాత మదర్‌బోర్డుకేమో ఆరేసి పిన్నులవి రెండు. ఇది దానికి పనికొస్తుందా, నాన్నగారి పెళ్లికార్డుల ఫైళ్లు మిగిలాయా అన్నది మీ టెన్షన్.

పనికొస్తుంది. ఫైళ్లు కూడా మిగిలే ఉంటాయనే నా నమ్మకం. నేను సికింద్రాబాద్‌లో పద్నాలుగేళ్లు కంప్యూటర్ సర్వీసు చేశాను. ఇలా పొగ వచ్చి నా బల్ల మీదికి చేరిన సిస్టంలలో చాలావాటికి పోయింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే. శబ్దం చేసి పేలేవి సాధారణంగా 230 వోల్టుల వైపు ఉండే భాగాలు. మీ బోర్డు, డిస్క్ ఉన్నది లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతలి వైపు.

కానీ ఇవాళ సాయంత్రమే కొత్తది తగిలించేయకండి. పాతది తనంతట తాను పోయిందా, బోర్డులో షార్ట్ ఉండి పోయిందా, మనమే పోగొట్టామా, ఈ మూడింట్లో ఏదో తేలాలి. తేలకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి పట్టొచ్చు.

మనమే పోగొట్టామేమో ముందు చూద్దాం. సిస్టం వెనక, పవర్ కార్డు గుచ్చే చోటికి దగ్గర్లో, చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో అటూ ఇటూ జరపొచ్చు. దాని మీద 230 కనిపిస్తోందా, 115 కనిపిస్తోందా? దుమ్ము దులిపేటప్పుడు గుడ్డ తగిలినా జరిగే అవకాశం ఉంది. 115 ఉంటే కారణం దొరికినట్టే. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే సుమారు 325 వోల్టులొస్తుంది. దాన్ని లోపలి రెండు పెద్ద కండెన్సర్లు చెరిసగం పంచుకుంటాయి, అందుకే ఒక్కోటి 200 వోల్టుల రేటింగ్‌తో వస్తుంది. స్విచ్ 115లో ఉంటే అదే సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేసే పద్ధతిలోకి మారిపోతుంది. అమెరికా కరెంటుకైతే అది సరిపోతుంది. మన కరెంటు ఇస్తే 200 వోల్టుల కండెన్సర్ మీద ఒక్కోదానికి 325 పడుతుంది. ఇక అది పేలక ఏం చేస్తుంది?

ఒక స్కూలు ల్యాబులో ఇది కళ్లారా చూశాను. వేసవి సెలవుల తర్వాత తెరిచిన మొదటి రోజే రెండు సిస్టంలు టప్‌మన్నాయని కబురొచ్చింది. వెళ్లి చూస్తే, మిగిలిన నాలుగింటికి కూడా ఎర్ర స్విచ్ 115లోనే ఉంది. సెలవులకు ముందు ఎవడో పిల్లాడు వరసగా కూర్చుని పెన్నుతో జరిపి పెట్టాడు. టీచరమ్మ మూడోది ఆన్ చేయబోతుంటే గుమ్మంలోంచే అరిచాను.

మీ స్విచ్ 230లోనే ఉంటే పాతబడటమే కారణం అయ్యుండొచ్చు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే లోపలి ఆక్సైడ్ పొర పలచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ పడితే తట్టుకోలేవు. అప్పుడొచ్చే వాసన ఎండుచేప కాల్చినట్టు ఉంటుంది. కాగితం మాడిన ఘాటు వాసనైతే మెయిన్స్ దగ్గరుండే ఫిల్టర్ కండెన్సర్‌ని అనుమానించాలి. రీఫా కంపెనీ చేసిన పసుప్పచ్చటి పారదర్శక కండెన్సర్లు దీనికి పేరుమోసినవి. పైన సన్నటి పగుళ్లొచ్చి, గాలిలో తేమ పీల్చుకుని, ఏదో ఒకరోజు గదంతా పొగ చేస్తాయి. బీబీసీ మైక్రో, యాపిల్ 2 లాంటి పాత మెషిన్లు దాచుకునేవాళ్లు వాటిని ఆన్ చేయడానికి ముందే ఇవి పీకేసి ఎక్స్2 తరగతి (మెయిన్స్ మీద వాడటానికి చేసిన) కొత్తవి వేస్తారు. మన అసెంబుల్డ్ సిస్టంలలో వచ్చిన మామూలు ఎస్‌ఎంపీఎస్‌లలో ఇవి నాకు పెద్దగా తగల్లేదు.

ఇక ముందున్న స్విచ్. మీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది ఇక్కడే. ఇప్పటి కంప్యూటర్లలో ముందున్న బటన్ బోర్డుకు చిన్న సైగ మాత్రమే చేస్తుంది, చేత్తో ముట్టుకున్నా ఏం కాదు. మీ 486లో అలా కాదు. ఎస్‌ఎంపీఎస్ లోంచి వేలంత లావు నల్ల కేబుల్ ఒకటి ముందు ప్యానెల్ దాకా వస్తుంది చూడండి. అందులో నాలుగు తీగలు: బ్రౌన్, నీలం, తెలుపు, నలుపు. ఆ స్విచ్ దగ్గరికి సాక్షాత్తు ఇంటి కరెంటే వస్తోంది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, ప్లగ్ పెట్టి ఉంటే రెండు తీగల్లో ఫేజు, న్యూట్రల్ ఉంటాయి. కొన ప్లాస్టిక్ తొడుగులు ఇన్నేళ్లకు ఎండి పెళుసుబారి, ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో ఉంటాయి. గోడ దగ్గర స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకి, ఆ కార్డును కళ్లెదుట టేబుల్ మీద పెట్టుకున్నాకే క్యాబినెట్ తెరవండి.

తెరిచాక ఆ నాలుగు తీగలకూ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఏ రంగు ఏ పిన్నుకి పోవాలన్నది తయారీదారుని బట్టి మారుతుంది, నెట్‌లో దొరికిన బొమ్మని నమ్ముకోకండి. తప్పు పిన్నుకు గుచ్చితే, స్విచ్ నొక్కిన క్షణం ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసిపోతాయి. ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యూజు కాపాడుతుందేమో అనుకోవచ్చు. తీగల వరసని బట్టి ఆ షార్ట్ ఫ్యూజుకి ముందే అయితే, పడేది ఇంట్లో ఎంసీబీయే. మీ చేతిలో ఉన్న ఏటీఎక్స్ రకం (ఇప్పటి కంప్యూటర్లలో వచ్చేది) ఎస్‌ఎంపీఎస్ పెడితే ఈ నాలుగు తీగలూ పాతదానితో పాటే బయటికి పోతాయి. ఈ ఒక్క కారణానికే మీకు ఆ దారి నయమంటాను.

ఇప్పుడు బోర్డు. పీ8, పీ9 అని పిలిచే ఆ రెండు కనెక్టర్లనీ బోర్డు నుంచి లాగేయండి. కార్డులన్నీ తీసేయండి, ఏది ఏ స్లాట్‌లో ఉందో కాగితం మీద రాసుకుని మరీ. ఇప్పుడు బోర్డు మీద నిలువుగా కనిపించే పన్నెండు పిన్నుల వరసలో మధ్యలో ఉన్న నాలుగూ గ్రౌండ్. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ఒక కొనని గ్రౌండ్ మీద ఉంచి మిగిలిన పిన్నుల్ని ఒక్కొక్కటిగా కొలవండి. 5 వోల్టుల పిన్నుకి తక్కువ ఓమ్స్ చూపిస్తే కంగారు పడకండి, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ దాని మీదే బతుకుతాయి కాబట్టి కొన్ని పదుల ఓమ్స్ మామూలే. మీటర్ కుయ్యిమందని షార్ట్ అనుకోవద్దు, అంకె చూడండి. 12, మైనస్ 12, మైనస్ 5 పిన్నులు మాత్రం బాగా ఎక్కువ ఓమ్స్ చూపించాలి. అక్కడ సున్నా, ఒకటి వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

ఆ దొంగ సాధారణంగా టాంటలం కండెన్సర్. స్లాట్ల పక్కన శనగగింజంత, పసుపు రంగులోనో నీలం రంగులోనో నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. ఇవి పోయేటప్పుడు తెగిపోకుండా లోపల షార్ట్ అవుతాయి. అప్పుడు మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా స్టార్ట్ అవకుండా మూసుకుని కూర్చుంటుంది, మనమేమో అది పోయిందనుకుని మార్చేస్తాం. అనుమానం ఉన్నదాని ఒక కాలు ఎత్తి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. కొత్తది వేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: మామూలు ఎలక్ట్రోలైటిక్ మీద గీత ఉన్న కాలు మైనస్, టాంటలం మీద గీత ఉన్న కాలు ప్లస్. అలవాటు కొద్దీ తిరగేసి వేస్తే మంట రావడం ఖాయం.

పనిలో పనిగా కీబోర్డు సాకెట్ దగ్గర చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉందేమో చూడండి. 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ అది. ఇరవై ఏళ్లకు కారి ఉంటుంది, చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. కట్ చేసి తీసేయండి. కారింది క్షారం కాబట్టి ఇయర్‌బడ్‌తో కాస్త వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరబెట్టండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం. పాత బోర్డుల్ని చంపడంలో ఎస్‌ఎంపీఎస్ కన్నా ఈ బ్యాటరీదే పెద్ద చెయ్యి. మీ బోర్డులో దీనికి బదులు గడియారం బొమ్మ ఉన్న నల్లటి డాలస్ చిప్ ఉంటే అదృష్టవంతులు. అది చచ్చిపోయి ఉంటుంది గానీ కారదు.

బోర్డు బాగుందని తేలాక కొత్త ఎస్‌ఎంపీఎస్ సంగతి. మినీ టవర్ అన్నారు కాబట్టి కొలతల గొడవ ఉండకూడదు. ఆ కాలపు మినీ టవర్లలో వచ్చే ఏటీ రకం (మీ పాతది ఇదే) ఎస్‌ఎంపీఎస్ సుమారు 150 మిల్లీమీటర్ల వెడల్పు, 140 పొడవు, 86 ఎత్తు. ఏటీఎక్స్‌కి కూడా అవే కొలతలు, వెనక నాలుగు స్క్రూలూ అక్కడికే వస్తాయి.

దీనికి ఏటీఎక్స్ నుంచి ఏటీకి మార్చే కన్వర్టర్ కేబుల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒక చివర 20 పిన్నులు, ఇంకో చివర పీ8, పీ9. మీ 24 పిన్నుల కనెక్టర్‌లో చివరి నాలుగూ చాలావాటిలో విడిపోతాయి, వాటిని పక్కకి వదిలేయండి. సొంతంగా తీగలు కలిపి చేసుకుందామనుకుంటే రంగుల దగ్గర ఒక గొయ్యి ఉంది, అందులో పడకండి. రెండింట్లోనూ ఎరుపు 5 వోల్టులు, పసుపు 12, నలుపు గ్రౌండ్, నీలం మైనస్ 12. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. నారింజ దగ్గర తేడా కొడుతుంది. పాత ఏటీలో నారింజ తీగ అంటే పవర్ గుడ్, ఏటీఎక్స్‌లో నారింజ అంటే 3.3 వోల్టులు. ఏటీఎక్స్‌లో పవర్ గుడ్ బూడిదరంగు తీగ. రంగు చూసి నారింజకి నారింజ కలిపితే వోల్టేజీలు సర్దుకోకముందే బోర్డుకి ‘అంతా బాగుంది’ అన్న సైగ వెళ్తుంది. పవర్ గుడ్ పనే అది: ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయ్యాక వోల్టేజీలన్నీ నిలకడగా ఉన్నాయని చూసుకుని, సెకనులో కొంత భాగం ఆగి 5 వోల్టులు పంపుతుంది. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లోనే పట్టుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ మీద ఏమీ రాకపోతే నేను ముందు కొలిచేది ఈ తీగనే.

ఊదారంగు తీగ, 3.3 వోల్టుల నారింజ తీగలు మీ బోర్డుకి అక్కర్లేదు. ఆకుపచ్చ తీగని నలుపుకి కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది, విడదీస్తే ఆఫ్. మీ ముందు స్విచ్ నొక్కితే లోపలే ఉండిపోయే రకం కాబట్టి ఇక్కడ చక్కగా సరిపోతుంది. పాత నాలుగు తీగలూ పూర్తిగా బయటికి పోయాయని రెండుసార్లు చూసుకుని, ఆ స్విచ్‌లో నొక్కినప్పుడు కలిసే రెండు పిన్నుల్ని మీటర్‌తో వెతికి, వాటికి ఆకుపచ్చ, నలుపు తీగలు పొడిగించండి. కన్వర్టర్ కేబుల్‌కి సాధారణంగా దీనికోసమే రెండు సన్న తీగలు విడిగా వేలాడుతుంటాయి.

ఇక మైనస్ 5. పాత ఏటీలో పీ9 మీద తెల్ల తీగ ఇదే. ఏటీఎక్స్‌లో మొదట్లో ఉండేది, 2003 ప్రాంతంలో ప్రమాణం నుంచి తీసేశారు. మీ 450 వాట్లదానిలో ఉండదు. చాలా 486 సిస్టంలకి అది లేకపోయినా తేడా తెలియదు, బోర్డు దాన్ని ఐఎస్ఏ స్లాట్లకి (పాతకాలపు కార్డులు గుచ్చే చోట్లకి) అందించి ఊరుకుంటుంది. వాడుకునే కార్డు ఏదైనా ఉంటేనే సమస్య. కార్డు పట్టుకుని ఇలా చూడండి: చిప్పులున్న వైపు కాకుండా వెనక, సోల్డర్ కనిపించే వైపు తిప్పండి. స్క్రూ బిగించే రేకు ఉన్న చివర నుంచి బంగారు రంగు పట్టీలు లెక్కపెట్టండి. ఐదోది మైనస్ 5. అక్కడ పట్టీ లేకపోయినా, ఉండి దాని నుంచి ఎటూ గీత బయల్దేరకపోయినా, ఆ కార్డుకి అది అక్కర్లేదు. డీటీపీ సెంటర్ అన్నారు కాబట్టి భారతీయ భాషల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లు చేసిన జిస్ట్ కార్డు ఏమైనా ఉందేమో, సౌండ్ కార్డుతో పాటు దాన్నీ ఇలాగే చూసుకోండి. అవసరమే అయితే మైనస్ 12 నుంచి 7905 రెగ్యులేటర్‌తో మైనస్ 5 తెచ్చుకోవచ్చు. ఆ ఐసీ కలిపి ఉన్న కన్వర్టర్లు కూడా దొరుకుతాయి.

486 కాకుండా ఇంకా పాతది, 1981 నాటి ఐబీఎం పీసీ లాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే ఈ మాట వాళ్లకి వర్తించదు. అందులో మొదటి రకం బోర్డు మీద 4116 మెమరీ చిప్పులుంటాయి. వాటికి మైనస్ 5 రాకుండా 12 వోల్టులు ఇస్తే చిప్పులే పోతాయి. దాని సొంత ఎస్‌ఎంపీఎస్ 63.5 వాట్లు మాత్రమే. వాట్లు ఎక్కువున్నంత మాత్రాన కొత్తది పాతదానికి సరిపోయినట్టు కాదు.

వాట్లంటే గుర్తొచ్చింది, మీ 450 వాట్లలో సింహభాగం 12 వోల్టుల మీదే ఉంటుంది. ఇప్పటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు తినేది అదే. మీ 486 తినేది 5 వోల్టులు. స్టిక్కర్ మీద ప్లస్ 5 ఎదురుగా ఎన్ని యాంప్‌లో చూడండి. 15 ఉన్నా చాలు, మీ సిస్టం మొత్తం పదిలోపే లాగుతుంది. కాకపోతే చవకరకాల్లో 5, 12 రెండూ ఒకే తాడుకి కట్టినట్టు ఉంటాయి. 5 మీద బరువు పెట్టి 12ని ఖాళీగా వదిలితే 12 పైకి ఎగుస్తుంది. 12.6 దాటనంతవరకు పర్లేదు. దాటుతుంటే పాత సీడీ డ్రైవో ఇంకో ఫ్యానో తగిలించి 12 మీద కాస్త బరువు వేస్తే దిగుతుంది.

బోర్డుకి పెట్టకముందు ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా టేబుల్ మీద పరీక్షించండి. పోయినా ఫర్వాలేదనుకున్న డ్రైవ్ ఒకటి తగిలించి, ఆకుపచ్చకీ నలుపుకీ మధ్య జెమ్ క్లిప్ వంచి గుచ్చి, ఆన్ చేయండి. ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య, పసుపు మీద 11.4 నుంచి 12.6 మధ్య, నీలం మీద మైనస్ 10.8 నుంచి మైనస్ 13.2 మధ్య రావాలి. బూడిదరంగు మీద 5 దగ్గర్లో ఉండాలి. కన్వర్టర్ కేబుల్ తగిలించి, అటు చివర పీ8, పీ9 దగ్గర కూడా మళ్లీ కొలవండి. తప్పుగా కుట్టిన కేబుల్ ఒకటి నాకు తగిలింది. అందులో నీలం, పసుపు తారుమారయ్యాయి. కొలవకుండా పెట్టి ఉంటే ఆ బోర్డు గోవిందా.

ఇప్పుడు అసలు ఘట్టం. పీ8, పీ9 చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి కూడా పట్టేస్తాయి. నియమం ఒక్కటే: రెండింటిలో ఉన్న నల్లతీగలు మధ్యలో పక్కపక్కన రావాలి. నల్లవి రెండు చివర్లకీ పోయాయంటే 5 వోల్టులు నేరుగా గ్రౌండ్ మీద పడతాయి. నాకిది మా సీనియర్ మొదటిరోజే చెప్పాడు. మూడోవారంలో, లంచ్‌కి లేటవుతోందని టార్చ్ లేకుండా చేత్తో తడిమి గుచ్చాను. ఆ బోర్డు ఖరీదు నా రెండు నెలల జీతం. నెలకింత అని కోసుకున్నారు. ఇప్పటికీ ఏ పాత సిస్టం తెరిచినా నా కళ్లు ముందు ఆ నల్లతీగల దగ్గరికే పోతాయి.

గుచ్చడంలో ఒక పద్ధతుంది. కనెక్టర్‌కి ఒకవైపు చిన్న పళ్లుంటాయి. నిటారుగా నొక్కితే దిగదు, బలవంతం చేస్తే బోర్డు వంగుతుంది. కాస్త ఏటవాలుగా పట్టుకుని, ఆ పళ్లని బోర్డు మీది ప్లాస్టిక్ గోడకి తగిలించి, అప్పుడు నిలబెట్టి కిందికి నొక్కండి. టక్కున కూర్చుంటుంది. ఒక పిన్ను పక్కకి జరిగి దిగలేదని కూడా చూసుకోండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ర్యామ్, డిస్‌ప్లే కార్డు, కీబోర్డు, స్పీకర్ మాత్రమే ఉంచండి. డిస్క్ వద్దు, ఫ్లాపీ వద్దు. ప్లగ్ ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లోనే పెట్టండి. పాత ఇళ్లలో రెండు పిన్నుల అడాప్టర్‌తో కానిచ్చేస్తుంటారు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కండెన్సర్ల వల్ల క్యాబినెట్ రేకు మీద దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది దానివల్లే. ఆన్ చేసి పది సెకన్లు చూడండి. పొగ, వాసన లేకుండా ర్యామ్ లెక్కపెట్టడం కనిపిస్తే ఆఫ్ చేసి ఒక టీ తాగిరండి. బీప్‌లు వస్తే కూడా సంతోషించండి, బోర్డు బతికే ఉందని అర్థం. ర్యామ్ తీసి అంచులు తుడిచి పెట్టండి.

పాత ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం పారేయకండి. తీరిక ఉన్నప్పుడు బాగుచేసుకోవచ్చు, లేదా ఇంకా టీవీలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఇవ్వండి. ఈ పనిలో చెయ్యి తిరగనివాళ్లు దాని మూత తీయొద్దనే నా సలహా. ప్లగ్ పీకాక కూడా ఆ రెండు పెద్ద కండెన్సర్లలో చార్జ్ నిలిచి ఉండొచ్చు. వాటిని ఖాళీచేసే రెసిస్టర్లు లోపల ఉంటాయి గానీ అవి తెగిపోయి ఉంటే అంతే. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి షార్ట్ చేసే మొనగాళ్లని చూశాను, స్క్రూడ్రైవర్ కొన కరిగిపోవడమూ చూశాను. హోల్డర్‌కి రెండు తీగలు కట్టిన జీరో బల్బు రెండు కొనల మధ్య కొంతసేపు పెట్టి, తర్వాత మీటర్‌తో కొలిచి సున్నా అయిందని చూసుకోవాలి.

లోపల ఫ్యూజు అద్దం నల్లగా మసిబారి ఉంటే గట్టి షార్ట్ అయిందని అర్థం. అప్పుడు బ్రిడ్జ్ డయోడ్లు, 13007 అని రాసి ఉండే రెండు ట్రాన్సిస్టర్లు, పెద్ద కండెన్సర్లు వరసగా చూడాలి. ట్రాన్సిస్టర్లు పోతే రెండూ కలిపే మార్చాలి. ఆ ట్రాన్సిస్టర్ల పక్కన హీట్‌సింక్ వేడికి ఎండిపోయే చిన్న కండెన్సర్లు రెండు ఉంటాయి. పైకి ఉబ్బరు, అమాయకంగా కనిపిస్తాయి. అవి మార్చకుండా ట్రాన్సిస్టర్లు మాత్రం వేస్తే మళ్లీ పోయే ప్రమాదం ఉంది. కంట్రోల్ చేసే ఐసీ టీఎల్494 గానీ, కేఏ7500 గానీ అయ్యుంటుంది, అది అంత తేలిగ్గా పోదు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది. బాగుచేశాక నేరుగా ప్లగ్‌లో పెట్టకుండా కరెంటు దారిలో సీరీస్‌గా కలిపిన 60 వాట్ల బల్బు ద్వారా ఇవ్వాలి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. ఇంకో సంగతి, ఈ పాత రకాలు ఖాళీగా నడవవు, 5 వోల్టుల మీద ఏదో ఒక బరువుండాలి. ఐబీఎం వాళ్లే 1984లో వచ్చిన ఏటీ మోడల్‌ని హార్డ్ డిస్క్ లేకుండా అమ్మినప్పుడు, దాని స్థానంలో 5 ఓమ్స్, 50 వాట్ల రెసిస్టర్ బిగించి పంపేవారు. తెలియనివాళ్లు ఖాళీ ఎస్‌ఎంపీఎస్ ఆన్ చేసి, తిరగలేదని చెత్తలో వేసేస్తుంటారు.

చివరిగా డిస్క్. నాన్నగారి ఫైళ్లు మాత్రమే కావాలంటే 486 లేచేదాకా ఆగక్కర్లేదు, ఐడీఈ (ఆ కాలపు డిస్క్ కనెక్షన్) నుంచి యూఎస్‌బీ అడాప్టర్‌తో చదవొచ్చు. కొన్ని అడాప్టర్లు ఇంత పాత డిస్కుల్ని గుర్తుపట్టవు, అప్పుడు ఐడీఈ పోర్టున్న పాత పెంటియం 4 సిస్టం ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి. ఎలా చదివినా ముందు డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి కాపీ) తీసి పెట్టుకోండి. పవర్ కనెక్టర్‌లో రెండు మూలలు కోసినట్టు ఉంటాయి, అవి కలిసేలా గుచ్చాలి. బలంగా నొక్కి తిరగేసి పెడితే 5 రావాల్సిన చోట 12 వస్తుంది, డిస్క్ పోతుంది. అయితే ఫైళ్లు దొరికినంత మాత్రాన తెరుచుకుంటాయని కాదు. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, ప్యాకేజీలు చాలావరకు ప్రింటర్ పోర్టుకి బిగించే లాక్‌తో వచ్చేవి. కాబట్టి వెనక ప్రింటర్ పోర్టుకి అగ్గిపెట్టంత డబ్బా ఒకటి తగిలించి ఉంటే దాన్ని పారేయకండి. మీ 486ని బతికించుకోవడానికి అసలు కారణం అదే కావచ్చు.

డిస్క్ తగిలించి ఆన్ చేశాక బోర్డుకి ఏమీ గుర్తుండదు, బ్యాటరీ పోయింది కదా. సెటప్‌లోకి వెళ్లి సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఇవ్వాలి, అంకెలు డిస్క్ స్టిక్కర్ మీదే ఉంటాయి. ఆటో డిటెక్ట్ ఉంటే నార్మల్, ఎల్‌బీఏ, లార్జ్ అని మూడు పద్ధతులు చూపిస్తుంది. 1996లో దేనితో ఫార్మాట్ చేశారో దానితోనే డిస్క్ సరిగ్గా చదవబడుతుంది. ఒకదానితో బూట్ కాకపోతే ఆఫ్ చేసి ఇంకోటి ప్రయత్నించండి. అంతేగానీ స్కాన్‌డిస్క్, ఎఫ్‌డిస్క్ (డిస్క్‌ని సరిచేసే, విభజించే ప్రోగ్రాములు) జోలికి మాత్రం పోవద్దు. తప్పు సెట్టింగుతో అవి ‘బాగుచేయడం’ మొదలుపెడితే, మొన్న పొగలో పోనివి కూడా అప్పుడు పోతాయి.

ప్రస్తుతానికి మూడు ఫోటోలు పెట్టండి: వెనక ఎర్ర స్విచ్, బోర్డు మీద బ్యాటరీ ఉన్న మూల, కొత్త ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్. ముందు స్విచ్ దగ్గర నాలుగు తీగలది పీకకముందే తీసి ఉంచుకోండి, పాత ఎస్‌ఎంపీఎస్ బాగయ్యాక దాన్నే మళ్లీ పెట్టాలనిపిస్తే అప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది.